మంచుకు ఎర

మా తమ్ముడు మురహరి పోయిన రోజు ఉదయం మిద్దె మీద కెమెరా పొడిగా ఉంది.

అది ముందు చూసింది నేనే. కార్తీకం చివరి రోజులు. మాది నల్లరేగడి నేల. చలికాలంలో ఇక్కడ మంచు రాత్రంతా చప్పుడు లేని వానలా పడుతుంది. ఆరుబయట ఏది మరిచిపోయినా తెల్లారేసరికి ముద్దవుతుంది. ఆ రోజు నేను మెట్లెక్కేసరికి పిట్టగోడ మీది నుంచి నీళ్ళు కారుతున్నాయి. డ్రమ్ము మూత మీద నీళ్ళు నిలిచాయి. మధ్యలో మూడుకాళ్ళ స్టాండు మీదున్న కెమెరా మాత్రం ఇంట్లో బీరువాలో పెట్టినట్టు ఉంది. అద్దాన్ని ముట్టుకోకూడదని తెలుసు కాబట్టి, పక్కన కట్టిన చిన్న కంప్యూటరు డబ్బాను వేలితో తాకి చూశాను. పొడి. వైర్లు పొడి. స్టాండు కాళ్ళ దగ్గర వాడు ఈసారి కొత్తగా తెచ్చి పెట్టిన నల్లటి పలక మీద నీళ్ళు నిండి, అంచుల నుంచి బొట్లు జారుతున్నాయి.

రెండేళ్ళుగా వాడు చూడాలనుకున్నది ఇదే. మెట్లు దిగుతూనే చెప్పాను.

"హరీ, పొడిగా ఉందిరా."

వాడు హాల్లో చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ చెప్పాను. దుప్పటి లాగాను. చెయ్యి పట్టుకున్నాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు అన్నాడు. వాడికి నలభై ఒకటి. వచ్చినవాళ్ళకు నేను కుర్చీలు వేశాను. ఎవరో కాఫీ ఇస్తే తాగాను. మధ్యాహ్నానికి ఎవరో నన్ను అడిగారు, మిద్దె మీద ఆ సామానేమిటని. అప్పుడు వెళ్ళి కెమెరాకు మూత పెట్టాను.

మురహరి బెంగుళూరులో ఒక పరిశోధనశాలలో పనిచేసేవాడు. రకరకాల మట్టి, గాజు, లోహపు పొడులను కలిపి కొలిమిలో కాల్చి కొత్త పెంకులు తయారుచేయడం వాడి పని. నక్షత్రాల ఫోటోలు తీయడం వాడి పిచ్చి. నగరంలో ఆకాశం కనపడదని ప్రతి అమావాస్యకు బస్సెక్కి మా ఊరు వచ్చేవాడు. నేను ఇక్కడి ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి పిల్లలకు చెబుతాను. అమ్మానాన్నలు పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి మిద్దె మొత్తం వాడిదే అయింది.

వాడు తీస్తున్నది మృగశిరకు కొంచెం పైన ఉన్న ఒక మేఘాన్ని. మామూలు కంటికి అక్కడేమీ లేదు. రాత్రుల తరబడి కెమెరాను అటువైపే తిప్పి ఉంచితే, ఎర్రటి పొగలాంటిది మెల్లగా తేలుతుంది. అది పెద్దది కాబట్టి ఆరు ముక్కలుగా తీసి అతకాలి. ముక్కకు మూడు నాలుగు మంచి రాత్రులు పడతాయి. కెమెరాను సాయంత్రం అమర్చి పడుకుంటే చాలు, మిగతాది కంప్యూటరు చూసుకుంటుంది. మంచు ఒక్కటే దాని చేతిలో లేదు.

మంచు కోసం వాడు చేయని పని లేదు. అద్దం చుట్టూ వెచ్చబెట్టే పట్టీ చుట్టాడు. అది వెచ్చగా ఉన్నంతసేపు బాగానే ఉండేది, తెల్లవారుజామున బ్యాటరీ అయిపోయేది. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలను ఊరంతా అడిగి తెచ్చి డబ్బాలో కుక్కాడు. ప్లాస్టిక్ కవర్లు కట్టాడు. కవరు లోపలే నీళ్ళు పట్టేవి. క్రితం ఏడాది మొదటి కెమెరా పోయింది. దాన్ని వంటింటి బల్ల మీద విప్పి నాకు చూపించాడు. లోపలి రాగి గీతలన్నీ పచ్చబడ్డాయి, పాత చెంబుకు చిలుం పట్టినట్టు.

అప్పుడు మా ఇంటి వెనకే శనగ చేను చేసే తిప్పక్క పాల గిన్నెతో వచ్చింది. ఆమె మా అమ్మ వయసుది. మురహరి ఆమెను పెద్దమ్మా అనేవాడు.

"ఏం నాయనా, రాత్రంతా చుక్కల్ని డబ్బాలోకి పట్టుకుంటాండావంట. మా గొడ్లపాకలో లైటు పోయి వారమాయ. ఒగ చుక్క ఇట్ల పారేయరాదూ."

"పట్టినాక ఇస్తాలే పెద్దమ్మా. ముందు ఆ మంచును కొంచెం పడొద్దని చెప్పు."

"యాల చెప్తా? అది పడకుంటే నా శనగ యేం తాగాల? వానలు పోయి ఎన్నాళ్ళాయ. నీ డబ్బా నువ్వే ఇంట్లో పెట్టుకో."

వాడు నవ్వాడు. నేను కూడా నవ్వినట్టు గుర్తు.

పన్నెండో రోజు అయ్యాక వాడి సామాను తెచ్చుకోవడానికి పరిశోధనశాలకు వెళ్ళాను. వాడితో పనిచేసిన షాహీన్ గేటు దాకా వచ్చింది. కర్నూలు అమ్మాయి. నన్ను ఎప్పుడూ చూడకపోయినా హేమక్కా అని పిలిచింది. వాడి బల్ల ఖాళీ చేసి అట్టపెట్టెలో సర్ది ఉంచింది. పెట్టె ఇచ్చి వెంటనే పంపించలేక, లోపలికి తీసుకెళ్ళి ఒక అరలో ఉన్న నల్లటి పలకలు చూపించింది. అన్నీ మా ఇంట్లో ఉన్నదానిలాగే ఉన్నాయి.

"తొమ్మిది కాల్చామక్కా. ఎనిమిది ఇవి."

ఒక పలకను గాజు పెట్టెలో పెట్టి, పక్కన చిన్న అద్దం ముక్క పెట్టి, లోపలికి తడిగాలి వదిలి చల్లబరిచింది. పలక మీద, అద్దం మీద, పెట్టె గోడల మీద ఒకేలా చెమ్మ పట్టింది.

"చూశారా, ఏ తేడా లేదు. మీ దగ్గరున్నది అట్లా కాదు. దాని నిండా కంటికి కనపడనంత సన్నటి బొక్కలున్నాయి. గాలి చల్లబడగానే చుట్టూ ఉన్న ఆవిరి ముందు వాటిలోకే పోతుంది. మిగతావాటికి ఏమీ మిగలదు. మురహరి దాన్ని ఎర అనేవాడు. మంచుకు ఎర."

"మళ్ళీ చెయ్యలేరా?"

"అది కొలిమిలో ఉన్న రాత్రి కరెంటు పోయింది. ఎంతసేపు పోయిందో, ఎంత చల్లారి మళ్ళీ ఎంత కాగిందో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆపి చూశామో. రాలేదు."

ఆ పలకను ఏం చేయమంటావని అడిగాను. ఆమె గాజు పెట్టెలోంచి పలకను తీసి అరలో పెట్టింది.

"నిజానికి ఇక్కడికి తెప్పించాలి. కానీ ఆయన అక్కడ వాడదామనే చేశాడు. మీకు కష్టం కాకపోతే ఈ చలికాలం మిద్దె మీదే ఉంచండి. ఎలా పనిచేస్తుందో నాకు ఫోన్ చేసి చెప్పండి."

ఇంటికి వచ్చి పెట్టెలోని ల్యాప్‌టాప్ తెరిచాను. చిత్రం అందులో ఉంది. ఐదు ముక్కలు అతికించి ఉన్నాయి. ఎర్రటి మేఘం ఎడమ నుంచి లేచి, మధ్యలో చీలి, కుడివైపు కిందికి వంగుతుంది. వంగే చోట మేఘం ఆగిపోతుంది. కుడివైపు కింది మూల నల్లటి గడి. ఆరో ముక్క తీయలేదు.

కెమెరా అమర్చడం నాకు వచ్చు. వాడి పక్కన నిలబడి అన్ని ఏళ్ళు చూశాను. అంతకుముందు నేనెప్పుడూ ఏదీ నొక్కలేదు, అంతే. ఆ వారం నుంచి సాయంత్రం బడి నుంచి రాగానే స్టాండు నిలబెట్టి, వైర్లు కలిపి, ఉత్తరాన ధ్రువానికి సరిచూసి, వాడు రాసిపెట్టుకున్న చోటుకు తిప్పి, పలకను కాళ్ళ దగ్గర పెట్టి కిందికి వచ్చేదాన్ని. మొదట్లో మబ్బులు. తర్వాత వెన్నెల. పని జరగలేదు. అయినా రోజూ అమర్చాను. చేతులకు ఆ పని ఉంటే సాయంత్రం గడిచేది.

పొద్దున్నే పలకను తుడిచేదాన్ని. నీళ్ళు ఒంచి, తడిగుడ్డతో రెండు వైపులా తుడిచి, గోడకు ఆనించి పెట్టడం. ఇరవై రెండేళ్ళుగా ఒకటో తరగతిలో ఉన్నాను. పిల్లలు రాసిన పలకను అలాగే వదిలేసి ఇంటికి పోతే నేను ఊరుకోను. మరకతో ఉన్న పలక కంటబడితే నా చెయ్యి దానంతటదే గుడ్డ వెతుకుతుంది. అది కాక, వాడు చేసిన వస్తువు మా ఇంట్లో అదొక్కటే.

మార్గశిరంలో శనగ పూతకు వచ్చింది. ఆ రోజుల్లో తిప్పక్క ఏటా ఒక పని చేస్తుంది. సాయంత్రం పలచటి తెల్ల పంచెను శనగ మొక్కల మీద పరుస్తుంది. రాత్రి మంచు ఆకుల మీద పడి, ఆకుల్లోని పులుపు పట్టుకుని గుడ్డకు ఎక్కుతుంది. తెల్లారి గుడ్డ పిండితే పుల్లటి నీళ్ళు వస్తాయి. వాటిని సీసాలో పోసి ఏడాది పొడుగునా దాస్తుంది. కడుపునొప్పి అంటే ఊళ్ళో అందరూ ఆ సీసా కోసమే వస్తారు. మురహరికి నొప్పి లేకపోయినా కావాలి. చిన్నప్పుడు చెంచాడు తాగి, ముఖం ముడుచుకుని, ఇంకో చెంచా అడిగేవాడు.

ఒక ఆదివారం ఉదయం తిప్పక్క ఆ పంచెను భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. పిండడానికి ఏమీ లేని పంచె.

"టీచరమ్మా, ఇట్ల చూడు. మూడు రాత్రులు పరిసినా. ఎట్ల పరిసింది అట్లే ఉండాది. గంజి పెట్టి ఆరేసినట్ల."

"మంచు తగ్గిందేమో తిప్పక్కా."

"తగ్గింటే అందరికీ తగ్గాల కదా. లింగన్న చేన్లో నడిస్తే మోకాళ్ళ దాకా తడుస్తాండాది. నా చేన్లోనే పడలేదు. పూతంతా రాలిపోతాంది." గొంతు తగ్గించింది. "ఒగ మాట అడుగుతా, యేమనుకోవద్దు. ఆ పొద్దు పిల్లోన్ని ఎత్తుకపోయేటప్పుడు నా చేను గట్టు మీద దించినారు. నేనా చోట దీపం పెట్టలే. మర్చిపోయినా. దానికేమన్నా..."

"అలాంటిదేం లేదు" అన్నాను.

"మరేమైనట్ల?"

నాకు తెలియదని చెప్పాను. ఆ క్షణానికి అది నిజమే.

మర్నాడు ఎండ రాకముందే మిద్దె ఎక్కాను. అంతకుముందు రోజూ ఎక్కినా కెమెరానే చూశాను, చుట్టూ చూడలేదు. పిట్టగోడ పొడిగా ఉంది. డ్రమ్ము మూత పొడిగా ఉంది. కింద మా వాకిట్లో జామచెట్టు ఆకుల మీద దుమ్ము తెలుస్తోంది. వెనకవైపు వెళ్ళి నిలబడ్డాను. దూరంగా లింగన్న చేను, దాని అవతల చేలు, వెండి పూత పూసినట్టు మంచుతో తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు ఒక చోట ఆగిపోయింది. ఆగిన గీత వంపు తిరిగి ఉంది. ఆ వంపు వెంట కళ్ళు తిప్పుతూ పోతే అది మా ఇంటి చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికే వచ్చింది. తిప్పక్క చేను మొత్తం గీతకు ఇవతల ఉంది, రంగు మాసి.

కాళ్ళ దగ్గర పలక నిండుగా ఉంది. దాని కింద మిద్దె మీద నీళ్ళు మడుగు కట్టి, తూము గుండా కిందికి పోతున్నాయి.

షాహీన్‌కు ఫోన్ చేశాను. చెప్పింది అంతా విని ఒకే ప్రశ్న అడిగింది.

"అక్కా, దాన్ని రోజూ తుడుస్తున్నారా?"

"తుడుస్తున్నాను."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడైంది.

"మంచులో గాలి దుమ్ము, ఉప్పు ఉంటాయి. అలాగే వదిలేస్తే నీళ్ళు ఎండి, ఆ దుమ్ము బొక్కల్లో పేరుకుని, కొన్నాళ్ళకు దానంతటదే మందగించేది అనుకుంటాను. తుడిచినందువల్ల రోజూ లోపలి దాకా తెరుచుకుంది. ఇంకా లోతుకు, ఇంకా లోతుకు. మీ తప్పు కాదక్కా. నేను చెప్పి ఉండాల్సింది. నాకూ తెలీదు."

ఆ సాయంత్రం పలకను మిద్దె మీద పెట్టలేదు. మురహరి బట్టలు దాచిన ట్రంకుపెట్టెలో అడుగున పెట్టి మూత వేశాను. తెల్లారి తీస్తే చొక్కాలు నీళ్ళలో తేలుతున్నాయి. బయట గీత ఇంకో గట్టు అవతలికి జరిగింది. చొక్కాలన్నీ పిండి దండెం మీద వేశాను. దండెం నిండింది. బడికి వెళ్ళి అ, ఆలు దిద్దించి వచ్చాను. తిరిగి వచ్చేసరికి అన్నీ ఆరిపోయి గాలికి ఊగుతున్నాయి. ఎవరో ఇంటికి వచ్చి ఉన్నట్టు ఉంది. మడత పెట్టాను.

మరుసటి రోజు షాహీన్ బస్సులో వచ్చింది. పలకను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. వేళ్ళ చివర్లు తడిసి ముడతలు పడ్డాయి.

"నాకిది కావాలక్కా" అంది. "ముక్క కోసి చూస్తే ఎలా వచ్చిందో తెలుస్తుందేమో. కానీ కోసినా ఏ ముక్కకా ముక్క ఇదే పని చేస్తుంది. బెంగుళూరు దాకా పట్టుకెళ్ళినా పెరగడం ఆగదు. ఇప్పుడు మీరు తుడవకపోయినా ఆగదు. మా ప్రహరీ పక్కనే కూరగాయల తోటలు."

"ఆపడం ఎట్లా?"

"ఎర్రగా కాలాలి. అప్పుడు బొక్కలు కరిగి మూసుకుపోతాయి. తర్వాత ఇది ఉత్త పెంకు." మిద్దె మెట్ల వైపు చూసింది. "అమావాస్య ఎప్పుడు?"

"నాలుగు రోజుల్లో."

ఆమె అడిగినదేమిటో ఇద్దరికీ తెలుసు. మబ్బు లేదు. చంద్రుడు పొద్దుపొడుపుకు ముందు గాని రావడం లేదు. ఈ నాలుగు రాత్రులు చాలు, ఆరో ముక్కకు. ఈ నాలుగు రాత్రుల్లో తిప్పక్క చేన్లో మిగిలిన పూత కూడా పోతుంది. ఆ చేను ఆమె కౌలుకు తీసుకున్నది. ఏడాదికి ఆమెకు ఆ ఒక్క పంటే.

తిప్పక్కకు చెప్పకుండా ఏదీ చేయదలచుకోలేదు. ఇద్దరం వెళ్ళాం. ఆమె పాక ముందు నీళ్ళకాగు కింద పత్తికట్టె ఎగదోస్తోంది. పలక చూపించి, అది ఏం చేస్తుందో, నేను రోజూ దాన్ని ఏం చేశానో చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. ఆమె అంతా విని పలకను వేలితో తాకింది.

"ఇంతటిదా?"

"ఇంతటిదే."

"నా చేను నీళ్ళన్నీ దీని కడుపులోనా?"

"అవును."

"మురారి చేసినాడా దీన్ని?" వాడి పేరు ఆమెకు ఎప్పుడూ మురారే.

"వాడే."

"వాడు మంచును పడొద్దని అడిగితే మంచే వచ్చింది చూడు, కాళ్ళకాడికి" అంది. తర్వాత షాహీన్‌ను చూసి, "ఈ పాప యెవరు? బువ్వ తిన్యాదా?" అని అడిగింది.

తిన్నానని షాహీన్ చెప్పింది. తినలేదు.

చుక్కల పటం గురించి కూడా తిప్పక్కకు చెప్పాను. ఒక మూల మిగిలిందని, నాలుగు రాత్రులని. చెప్పకుండా ఉండవలసింది. ఆమె కట్టెను పొయ్యిలోకి ఇంకొంచెం తోసి, పైటతో ముఖం తుడుచుకుంది.

"నాలుగు దినాలే కదా టీచరమ్మా. పెట్టుకో. ఉన్న పూతలో సగం పోయిండాది, ఇంగ సగం పోతాది. పోయేటి పంట మళ్ళా యేడు వస్తాది. పిల్లోని పని అట్ల సగంలో..." 

ఆమె దానిని ఊరికే అనలేదు. నేను సరేనంటే ఇచ్చేది. అదే నన్ను కదలనివ్వలేదు. షాహీన్ నా ముఖం చూస్తోంది. పత్తికట్టె చిటపటలాడుతోంది.

నేను చేతిలో ఉన్న పలకను తుడిచాను. కొంగుతో, రెండు వైపులా. తర్వాత వంగి నీళ్ళకాగు కింద నిప్పుల మధ్యలోకి తోశాను.

చాలాసేపు అందులోంచి ఆవిరి వచ్చింది. ఒక చిన్న వస్తువులో అంత నీరు ఉంటుందని నేను అనుకోలేదు. పొయ్యి రెండుసార్లు ఆరిపోతే తిప్పక్క ఊదుగొట్టంతో మళ్ళీ ఊదింది. షాహీన్ కట్టె అందించింది. చీకటి పడుతుండగా పలక ఎర్రబడింది. కొలిమిలో చూసిన రంగు ఇదేనని షాహీన్ అంది. తిప్పక్క కాగులో కాగిన నీళ్ళు రెండు బకెట్లు మాకిచ్చి, స్నానాలు చేసి పడుకోమంది.

పొద్దున్నే షాహీన్ నాకన్నా ముందు లేచింది. నేను పెరట్లోకి వెళ్ళేసరికి జామచెట్టు కింద నిలబడి ఉంది. ఆకుల నుంచి బొట్లు ఆమె తల మీద పడుతున్నాయి. పక్కకు జరగలేదు. బూడిదలోంచి తీసిన పెంకును సంచిలో వేసుకుని మొదటి బస్సుకు వెళ్ళింది.

ఆ అమావాస్యకు పాత పద్ధతిలోనే కెమెరా పెట్టాను. వెచ్చబెట్టే పట్టీ, తేమ పొట్లాలు, కవరు. మొదటి రాత్రి కొన్ని ఫోటోలు వచ్చాయి, అన్నీ పొగచూరినట్టు. రెండో రాత్రి బ్యాటరీ ఎప్పుడు అయిపోయిందో తెలియదు. ఉదయం వైరు కలిపే చోట నీళ్ళున్నాయి. కంప్యూటరు కెమెరా కనపడటం లేదని చెప్పింది. తుడిచాను, ఎండబెట్టాను, మళ్ళీ కలిపాను. అదే మాట చెప్పింది. వంటింటి బల్ల మీద విప్పితే లోపల పచ్చబడటం మొదలైంది. మళ్ళీ బిగించాను.

తిప్పక్క చేన్లో కాయ పలచగా పట్టింది. గట్ల వైపు బాగుంది, మా ఇంటి వైపు లేదు. ఒక ఉదయం ఆమె చిన్న సీసా తెచ్చి కిటికీలో పెట్టింది.

"ఈ యేటికి ఇంతే వచ్చింది. నీకొక సగం."

"నాకేం నొప్పి లేదు తిప్పక్కా."

"నొప్పుంటేనే తాగుతారా యేం? వాడు నొప్పుండి తాగుతాన్యాడా?"

ఒక చెంచా తాగాను. పుల్లగా ఉంది. మూత బిగించి మిగతాది అలాగే పెట్టాను.

ల్యాప్‌టాప్‌లో చిత్రం ఉంది. ఐదు ముక్కలు ఉన్నాయి. కుడివైపు కింది మూల ఇంకా తీయలేదు.